కుట్ర సీను దిద్దిన రోజు

మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకు ఆయన టీ ఫ్లాస్కు పట్టుకుని గోదాములోకి వచ్చాడు. రిహార్సలు ఉన్న ప్రతి ఆదివారమూ టీ ఆయనే తెచ్చేవాడు. హోటలు టీ దారిలో చల్లారిపోతుందని ఇంట్లో పెట్టించి, మోటారు సైకిలు ముందు సంచిలో నిలబెట్టుకుని వచ్చేవాడు. ఆ రోజు కూడా అలాగే వచ్చాడు. షట్టరు సగం ఎత్తి ఉంది. వంగి లోపలికి వచ్చి, యూరియా మూటల వెనక నిలబడి మాట్లాడుకుంటున్న మా ముగ్గురినీ చూశాడు.

అది ఎల్లారెడ్డి నుంచి ఆటోలో పావుగంట దూరంలో ఉన్న ఒక ఊరు. పేరు రాయను. ఆ రోజుల్లో నేను అక్కడే బడిలో పాఠాలు చెప్పేవాణ్ని. తండ్రి ఇచ్చిన మూడెకరాలు ఉండటం వల్ల ఊరి రైతుల సహకార సంఘంలో డైరెక్టరుగా కూడా ఉన్నాను. ఆయన సంఘానికి చైర్మన్. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ని, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. చుట్టరికం లేదు.

సంఘానికి ఏటా ఒకసారి సర్వసభ్య సమావేశం జరగాలి. రైతులు రారు. వచ్చినా సంతకం పెట్టి వెళ్లిపోతారు. తగినంత మంది కూర్చుని లేకపోతే తీర్మానాలు చెల్లవు. ఆయన చైర్మన్ అయిన మొదటి ఏడు దీనికొక ఉపాయం కనిపెట్టాడు. ముందు భోజనాలు, తర్వాత తీర్మానాలు, తీర్మానాలు అయ్యాక నాటకం. భోజనానికి వచ్చినవాళ్లు నాటకం కోసం కూర్చుంటారు, కూర్చున్నవాళ్లు చేతులెత్తుతారు. మొదట్లో బయటి నుంచి మేళాలను పిలిచేవాడు. తర్వాత తానే రాయడం మొదలుపెట్టాడు. వేషాలు వేయడానికి ఎవరూ దొరకక డైరెక్టర్లందరి చేతా వేయించేవాడు. ఎరువుల లారీ ఎప్పుడు వస్తుందో మాట్లాడుకున్న బల్ల మీదే మేం పాత్రలు పంచుకునేవాళ్లం.

ఆ ఏడు నాటకం రోము నగరం గురించి. ఆ తప్పులో నాకూ భాగం ఉంది. కామారెడ్డి గ్రంథాలయం నుంచి రోము చరిత్ర మీద ఒక పాత పుస్తకం తెచ్చి ఆయనకు చదవమని ఇచ్చింది నేనే. అందులో రెండు పేజీల సంగతి ఆయన్ని పట్టుకుంది. పేదలకు పొలాలు పంచాలన్న ఒక నాయకుడు, ఆచారం ఒప్పుకోకపోయినా రెండోసారి పదవికి నిలబడతాడు. సభలోని పెద్దలకు అది రాజు కావాలన్న ఆశలా కనిపిస్తుంది. తోటివాళ్లే కూడబలుక్కుని, సభ జరుగుతుండగా బెంచీల కాళ్లు విరిచి, వాటితోనే కొట్టి చంపుతారు. ఆయన దాన్ని మూడు గంటల నాటకంగా రాశాడు. పాత్రలకు పేర్లు పెట్టలేదు. ఆ పేర్లు మన రైతుల నోటికి తిరగవని నాయకుడు, స్నేహితుడు, మొదటి పెద్ద, రెండో పెద్ద అని మాత్రమే రాసుకున్నాడు. బెంచీ కాళ్ల సంగతి ఆయనకు బాగా నచ్చింది. కత్తులు చేయించే పని తప్పింది, మన బెంచీల కాళ్లు ఎలాగూ ఊగుతున్నాయి అన్నాడు.

నాయకుడి వేషం ఆయనది. చివరి వరకు తటపటాయించి కుట్రలో కలిసే స్నేహితుడి వేషం నాకు ఇచ్చాడు. మొదటి పెద్ద వేషం గాంధారి రోడ్డు మీద ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఉన్నాయనది. ఆయనా డైరెక్టరే. మాటకారి. రెండో పెద్ద మరో డైరెక్టరు, ఎవరేమన్నా తలూపేవాడు. దుస్తులకు కామారెడ్డి బజారులోని ఒక దర్జీని పిలిపించుకున్నాం. ఆయన హజ్‌కు వెళ్లి వచ్చినవాడు. అక్కడ కట్టుకునే కుట్టని బట్ట భుజం మీద జారకుండా ఎలా నిలపాలో ఆయనకు తెలుసు. తెల్ల పంచెలు తెచ్చి మా భుజాల మీద మడతలు వేసి, ఎడమ చెయ్యి ఇలా పట్టుకోండి, పరుగెత్తినా జారదు అని చూపించాడు. తెలుగు చదవడం బాగా వచ్చినందువల్ల ప్రాంప్టింగు కూడా ఆయన మీదే పడింది. చేతిరాత పుస్తకం ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చునేవాడు. నాలుగు వారాల్లో నాటకం మాకంటే ముందు ఆయనకే నోటికి వచ్చింది.

ఇంతవరకు రాసింది చదివితే ఆయన్ని దేవుడిని చేస్తున్నానని అనుకోవచ్చు. అలా కాదు. ఆయనకు కుర్చీ అంటే ఇష్టం ఉండేది. రెండోసారి చైర్మన్ అయినప్పుడు ఇదే ఆఖరు అని అందరి ముందూ చెప్పాడు. గడువు దగ్గరపడేసరికి కొత్త గోదాము పని నడుస్తోందని, అది పూర్తయ్యే వరకు ఇంకొక్కసారి ఉంటానని అన్నాడు. మమ్మల్ని అడగలేదు, చెప్పాడు. పనులన్నీ ఆయనొక్కడే చేసుకుపోయేవాడు. సమావేశానికి వెళ్తే నిర్ణయం అప్పటికే అయిపోయి ఉండేది. మేం టీ తాగి సంతకం పెట్టి వచ్చేవాళ్లం. ఈ బాధ నిజమైనదే. కానీ దాని పక్కన ఇంకొకటి ఉంది. ట్రాక్టరు షెడ్డాయన ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, అవిశ్వాసం పెడుతున్నామని, గెలిస్తే వైస్ చైర్మన్ నువ్వేనని చెప్పాడు. ఆలోచిస్తానన్నాను. ఊరి బాగు కోసమే ఒప్పుకున్నానని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. నాకు ఆ కుర్చీ కావాలని ఉండింది. ఆ మాట ఇప్పుడు రాస్తున్నాను.

ఆ ఆదివారం మూటల వెనక మేం మాట్లాడుకుంటున్నది నాటకం కాదు. అవిశ్వాసం నోటీసు ఎప్పుడు ఇవ్వాలన్నది. బుధవారం కామారెడ్డికి వెళ్లి ఆఫీసులో ఇద్దామని షెడ్డాయన అంటున్నాడు. ఆయనకు ముందే తెలిస్తే ఎలా అని నేను అడిగాను. తెలిసేలోపు మనం ఊర్లో ఉండం అని షెడ్డాయన అన్నాడు. సరిగ్గా ఆ మాట మీదే ఆయన షట్టరు కింది నుంచి వంగి లోపలికి వచ్చాడు.

ఆయన ఫ్లాస్కు ఒక మూట మీద పెట్టాడు. కళ్లద్దాలు సరిచేసుకుని మా ముగ్గురినీ పైనుంచి కిందికి చూశాడు.

"గట్ల నిలబడ్తరా?" అన్నాడు. "కుట్ర చేసేటోళ్లు ఎదురెదురు నిలబడరు. చూసినోనికి దూరంకెల్లే తెలిసిపోతది. పక్కపక్కన నిలబడుండ్రి. ఒకడు దర్వాజ దిక్కు చూడాలె."

షెడ్డాయన భుజం పట్టుకుని పక్కకు తిప్పాడు. రెండో పెద్దను షట్టరు వైపు నిలబెట్టాడు. గుసగుసగా మాట్లాడవద్దన్నాడు. గుసగుసలాడితేనే అనుమానం వస్తుందట, యూరియా సంగతి మాట్లాడుకున్నట్టు మామూలుగా మాట్లాడాలట. తర్వాత వెనక్కి నాలుగడుగులు వేసి, చేతులు కట్టుకుని, మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నాడు.

మేం చెప్పాం. ఏం చేయాలో తెలియక చెప్పాం. నోటీసు, కామారెడ్డి అన్న మాటలు వదిలేసి, బుధవారం ఇద్దామని షెడ్డాయన అన్నాడు. నా వంతు వచ్చింది. ఆయనకు ముందే తెలిస్తే అన్నాను.

దర్జీ స్టూలు మీద కూర్చుని పుస్తకంలో పేజీలు తిప్పుతున్నాడు. ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. ఏ పేజీ అని మెల్లగా అడిగాడు. పుస్తకం ఎందుకు, వాళ్లను చెప్పనియ్యి అని ఆయనే దర్జీతో అన్నాడు. దర్జీ తలెత్తి నా ముఖం చూశాడు. తర్వాత పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆయన నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"భయంతోని అంటున్నవు తమ్మి," అన్నాడు. "భయంతోని కాదు, పావురంతోని అను. నీకు వాని మీద పావురమున్నది. చంపేటప్పుడు గూడ ఉంటది. అది లేకుంటె నువ్వు ఉత్త దొంగవైతవు."

మా వైపు పావురం అంటే ప్రేమ. ఆయన చెప్పినట్టే ఆ మాట మళ్లీ అన్నాను. ఆయనకు ముందే తెలిస్తే? ఈసారి ఆయన తలూపాడు. ఫ్లాస్కు మూత తీసి టీ పోశాడు. తెచ్చిన స్టీలు గ్లాసులు నాలుగే కాబట్టి తాను ఆ మూతలోనే తాగాడు.

బుధవారం కామారెడ్డిలో ఒక జిరాక్సు దుకాణం బల్ల మీద నోటీసు పరిచి సంతకాలు పెట్టాం. నాది మూడోది. అదే రోజు మమ్మల్ని ఒక వ్యానులో ఎక్కించి, పెద్దకొడప్‌గల్ దాటించి, మరాఠీ వినిపించే వైపు ఒక లాడ్జీలో ఉంచారు. అవిశ్వాసం అంటే క్యాంపు ఉంటుంది, అది ఇక్కడి పద్ధతి. ఓటు రోజు వరకు సభ్యులు అవతలివాళ్ల చేతికి చిక్కకుండా ఉండాలి. ఫోన్లు తీసుకున్నారు. రెండు పూటలా మాంసం పెట్టారు. పేకాట ఆడుకుంటూ నలుగురం గుండ్రంగా కూర్చుంటే షెడ్డాయన గది తలుపు దగ్గర నిలబడి, ఎదురెదురు కూసోకుండ్రి, చైర్మన్ సాబ్ కోపం జేస్తడు అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను.

ఆ నవ్వుల మధ్యనే నాకు ఆ ఆలోచన మొదలైంది. ఆయనకు తెలుసేమో అని. అంత తెలివైనవాడు, తన నాటకంలో తాను రాయని మాటలు విని గుర్తుపట్టలేదా? తెలిసే దిద్దాడేమో. దిద్దడమే ఆయన హెచ్చరికేమో. తెలియకపోయినా ఆ సాయంత్రమే దర్జీ చెప్పి ఉంటాడు. చెప్పకుండా ఎలా ఉంటాడు?

ఓటు రోజు వ్యాను నేరుగా సంఘం ఆఫీసు ముందు ఆగింది. పోలీసులు ఇద్దరు ఉన్నారు. లోపల ఆయన తన కుర్చీలో లేడు. మాతో పాటు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. అధికారి నోటీసు చదివి, అవిశ్వాసానికి అనుకూలంగా ఉన్నవాళ్లు చేతులెత్తమన్నాడు. వ్యానులో వచ్చిన మా అందరి చేతులూ లేచాయి. నాది భుజం దాకా లేచి ఆగింది. అధికారి లెక్కిస్తూ నా దగ్గర తడబడ్డాడు.

"చెయ్యి పూర్తిగ ఎత్తు తమ్మి," అన్నాడు ఆయన. "సారుకు కనబడాలె కద."

ఎత్తాను.

ఆ మాటను నేను చాలాకాలం దాచుకున్నాను. ఆయనకు అంతా తెలుసనడానికి నాకు దొరికిన సాక్ష్యం అదే. గోదాములో ఎలా నిలబడాలో చెప్పినవాడు, ఇక్కడ చెయ్యి ఎలా ఎత్తాలో చెప్పాడు. అన్నీ తెలిసి, తన పతనాన్ని తానే నడిపించుకున్నాడు. అప్పుడు నేను చేసింది వెన్నుపోటు కాదు, ఎదురుగా నిలబడి పోటీ పడటం. అలా అనుకుంటేనే నాకు అన్నం సహించేది.

ఆ ఏడు సమావేశానికి నాటకం లేదు. భోజనాలు కాగానే జనం లేచి వెళ్లిపోయారు. తీర్మానాలు చెల్లక మళ్లీ పిలవాల్సి వచ్చింది. నేను పదకొండు నెలలు వైస్ చైర్మన్‌గా ఉన్నాను. కుర్చీ మీద కొత్త తువ్వాలు వేయించారు. చేసిన పని ఏదీ గుర్తు లేదు. తర్వాత రాజీనామా చేసి, బడి మారి, కామారెడ్డికి వచ్చేశాను.

ఆ తర్వాత ఆయన్ని ఒక్కసారే కలిశాను, ఎల్లారెడ్డి బస్టాండులో. ఎరువుల సంచి పక్కన పెట్టుకుని బస్సు కోసం నిలబడి ఉన్నాడు. తిన్నావా అని అడిగాడు. రోము పుస్తకం తన దగ్గరే ఉండిపోయిందని, గ్రంథాలయం వాళ్లు నన్ను అడుగుతున్నారేమోనని అన్నాడు. ఉంచుకోమన్నాను. అవతలి బస్సు కదలబోతుంటే పరుగెత్తి ఎక్కాను. అది నా బస్సు కాదు. తర్వాతి ఊళ్లో దిగి వెనక్కి వచ్చాను. అప్పుడు అడిగి ఉంటే ఆయనే చెప్పేవాడు. రెండేళ్లకు జ్వరమని ఆసుపత్రిలో చేరి నాలుగో రోజు పోయాడు. దహనానికి వెళ్లాను. వెనక వరుసలో నిలబడ్డాను.

ఇప్పటికీ బ్యాంకు వరుసలోనో, టీ కొట్టు దగ్గరో ముగ్గురు మగవాళ్లు మాట్లాడుకుంటూ కనిపిస్తే నా కళ్లు వాళ్లు నిలబడ్డ తీరు మీదికి పోతాయి. పక్కపక్కన నిలబడ్డారా, ఒకడు వాకిలి వైపు చూస్తున్నాడా అని. చాలాసార్లు అలాగే ఉంటారు. వాళ్లు మాట్లాడుకునేది బిడ్డ ఫీజు గురించో, మోటారు గురించో అయి ఉంటుంది. అయినా వెనక నాలుగడుగుల దూరంలో చేతులు కట్టుకుని ఎవరో చూస్తున్నట్టు ఉంటుంది. తిరిగి చూడను. చూస్తే ఎవరూ ఉండరని తెలుసు.

ఆయన పోయిన ఐదారు నెలలకు ఒక చొక్కా కుట్టించుకునే వంకతో దర్జీ దుకాణానికి వెళ్లాను. టేపు నా మెడ చుట్టూ పెట్టి కొలుస్తుండగా అడిగాను, ఆ రోజు గోదాములో మేం మాట్లాడినవి పుస్తకంలో లేవని ఆయనకు చెప్పావా అని. దర్జీ కొలత కాగితం మీద రాసుకున్నాడు. భుజం కొలిచాడు. చేతి పొడవు కొలిచాడు.

"నేను చెప్పలే సార్," అన్నాడు. "మీరు చెప్తరనుకున్న. మీకు తమ్మి తమ్మి అంటుండె గద."

చొక్కా వచ్చే శుక్రవారం ఇస్తానన్నాడు.

ఇక నాకు ఆయన తెలివి ఒక్కటే మిగిలింది. దర్జీ చెప్పకపోయినా ఆయనే గుర్తుపట్టి ఉంటాడని పట్టుకుని కూర్చున్నాను. సంవత్సరీకానికి ఆయన భార్య, మా వదిన, కబురు పంపితే ఆ ఊరికి వెళ్లాను. భోజనాలు అయ్యాక పందిరి కింద ఇరవై మంది దాకా కూర్చుని ఉన్నారు. వదిన తలుపు పక్కన చాప మీద కూర్చుని, బీబీపేట నుంచి వచ్చిన తన చెల్లెలి అత్తగారికి ఏదో చెబుతోంది. నన్ను చూసి చెయ్యి ఊపి పిలిచింది. ఈ మర్ది కూడా ఆ రోజు ఉన్నాడు, కావాలంటే అడుగు అంది.

ఆమె చెబుతున్నది ఆ ఆదివారం గురించే. కుర్చీ పోక ముందు ఆయన అంత సంతోషంగా ఇంటికి వచ్చిన రోజు మరొకటి లేదట. ఫ్లాస్కు గడప మీద పెట్టి, కాళ్లు కూడా కడుక్కోకుండా వంటింట్లోకి వచ్చి, ఇన్నేళ్లకు నా వాళ్లకు నాటకం అంటే ఏందో తెలిసింది, ఇయ్యాల నేను రాయని మాటలు వాళ్లే కల్పించుకుని చెప్పిండ్రు అన్నాడట. నేను రాసినదాని కంటే బాగున్నాయి, రేపు పుస్తకంలో రాసుకుంటానన్నాడట. తమ్మి ఆ మాట అన్న తీరుకు తన కంట్లో నీళ్లు తిరిగాయన్నాడట. రాత్రి అన్నం తింటూ కూడా అదే మాట్లాడాడట. ఆయన పోయినప్పటి నుంచి పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకూ వదిన ఈ సంగతి చెబుతోంది. కుర్చీ గురించి ఎవరైనా ఎత్తితే, గా కుర్చి పోనీ, గా దినం జూస్తె తెలుస్తుండె అని దీన్నే చెబుతోంది.

మాటలు పుస్తకంలో లేవని ఆయన గుర్తుపట్టాడు. గుర్తుపట్టి మేం కళాకారులం అయ్యామనుకున్నాడు. ఆ దారి నాకు ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తోచలేదు.

చెల్లెలి అత్తగారు లేచి లోపలికి వెళ్లింది. వదిన చాప మీద ఇంకొంచెం జరిగి నాకు చోటు చూపించింది.

"గా మాటలేంది మర్ది?" అని అడిగింది. "ఆయన పుస్తకంల రాస్త రాస్త అని రాయనే లేదు. నీకు యాదికుంటది. ఒక్కసారి చెప్పు, వింట."

చెప్పడానికి ఏదో ఒకటి కల్పించవచ్చు. రోము పెద్దలు మాట్లాడే నాలుగు మాటలు ఎవరైనా కల్పించగలరు. ఆమె వినేది, కళ్లు తుడుచుకునేది, వచ్చే ఏడు వాటిని కూడా కలిపి చెప్పేది. ఆ మాటలు నా నోటిదాకా వచ్చాయి. ఇంకోసారి, అదీ ఆ ఇంట్లో, నాటకం ఆడలేకపోయాను. ధైర్యం వల్ల కాదు. అలసట అనుకుంటాను.

అవి నాటకం మాటలు కావు వదినే, అన్నాను. బుధవారం నోటీసు ఇద్దామని మాట్లాడుకుంటున్నాం, అన్న వచ్చి రిహార్సలు అనుకున్నాడు, దిద్దాడు, మేం ఊరుకున్నాం అని చెప్పాను. ఎవరెవరు ఏం అన్నారో కూడా చెప్పాను. ఎక్కువసేపు పట్టలేదు.

వదిన తిట్టలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది. పందిరి కింద ఎవరో విస్తరాకుల లెక్క సరిపోలేదని మాట్లాడుతున్నారు.

"అయితె ఆయనకు తెల్వలె," అంది చివరికి.

తెలియదన్నాను.

"పొయ్యెదాక తెల్వలె."

ఆ తర్వాతైనా ఓటు అయ్యాక తెలిసి ఉంటుంది కదా, ఆ రోజును మళ్లీ తలుచుకుని ఉంటాడు కదా అని నేను అన్నాను. ఎందుకు అన్నానో తెలియదు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆసుపత్రిలో కూడా ఆ సీను గురించి అన్నాడని, బాగై లేస్తే మళ్లీ అదే నాటకం, అదే వేషగాళ్లతో వేయిద్దామని అన్నాడని చెప్పింది. అలా చెబుతున్నప్పుడు ఆమె నా వైపు చూడలేదు. తర్వాత లేచి, వెళ్లేవాళ్లకు ఆకు వక్క ఇచ్చే తాంబాలం కోసం కోడలిని పిలిచింది.

ఇది జరిగి మూడేళ్లయింది. సంవత్సరానికోసారి కబురు ఇంకా వస్తుంది. నేను వెళ్తాను. తింటాను. వదిన మర్యాదకు ఏమీ తక్కువ చేయదు. కామారెడ్డిలో ఎండ ఎలా ఉందని, బడి ఎలా నడుస్తోందని అడుగుతుంది. పోయినేడు ఆయన చిన్ననాటి దోస్తు ఒకడు గల్ఫ్ నుంచి తిరిగి వచ్చి మొదటిసారి ఆ ఇంటికి వచ్చాడు. చైర్మన్‌గా ఉన్నప్పుడు ఎలా ఉండేవాడు, సంతోషంగా ఉండేవాడా అని అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. వదిన, మంచిగనే ఉండె అని, నీళ్లు తేవడానికి లేచింది.

వచ్చినవాళ్లకు ఆమె ఆ ఆదివారం సంగతి చెప్పడం లేదు.